జానెడు ట్యాంకు

పసుపు మీద సున్నం పెడితే ఎర్రబడుతుందని మా ప్రాంతంలో నడక నేర్చిన ప్రతి పిల్లకూ తెలుసు. నాకు తెలియక కాదు, పనిలో పడి తట్టలేదు అంటే మా ఇంటావిడ ఒప్పుకోదు. యుద్ధానికి పోయి సముద్రాలు దాటి వచ్చిన మొగోడికి ఆ మాత్రం తెలియలేదని ఇప్పటికీ నలుగురిలో దెప్పుతుంది. దెప్పనీ. దెప్పిన తర్వాత తనే లేచి లోపలికి పోతుంది. ఆ ఎరుపు సంగతి ఆవిడకూ జ్ఞాపకమే.

నేను చెప్పబోయేది ఒక బొమ్మ ట్యాంకు గురించి. యుద్ధంలో ఫిరంగి మోసుకుని నడిచే ఇనప బండి ఉంటుందే, దాని బొమ్మ. జానెడు పొడవు. పలక ముక్కలతో, వెలగకాయ చిప్పతో, చెప్పుల తోలుతో దాన్ని కట్టాను. రంగు వేశాను. దాని చుట్టూ నేలా చెట్లూ మనుషులూ అమర్చి, ఒక తల్లి ముందు పెట్టాను. ఆ పనిలో నాకు సాయపడినవాళ్లు చాలామంది. ఒక్కరికీ అప్పట్లో మంచి మాట చెప్పిన పాపాన పోలేదు. నా నోరు అటువంటిది. ఇప్పుడు ఆ నోరు కొంచెం మెత్తబడింది కాబట్టి చెబుతున్నాను.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. అప్పట్లో మేం మద్రాసు రాజధాని కింద, కర్నూలు జిల్లాలో ఉండేవాళ్లం. మా పేటలో అందరం క్రైస్తవులం, రెక్కల కష్టం మీద బతికేవాళ్లం. వాన పడితే రైతుల చేలల్లో పని, పడకపోతే పలకల గనిలో పని. నేనూ నా స్నేహితుడూ చిన్నప్పటి నుంచి జంట. గనిలో కూడా పక్కపక్కనే కూర్చుని, ఉలి పెట్టి బండను పొరలు పొరలుగా విడదీసేవాళ్లం. వాడు నాకంటే నిదానం, నాకంటే నవ్వు ఎక్కువ. నాకు కోపం వస్తే చూసి నవ్వేవాడు. నవ్వితే ఇంకా కోపం వచ్చేది. వాడికి తండ్రి లేడు. తల్లి ఒక్కతే కూలికి పోయి సాకింది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి.

ఒక కరువు ఏడు గని కూడా మూతపడ్డప్పుడు, పటాలంలోకి మనుషుల్ని తీసుకునే లారీ కంభం సంతకు వచ్చింది. ఇద్దరం ఎక్కాం. వాడు తల్లికి చెప్పి వచ్చాడు. నేను ఎవరికీ చెప్పలేదు, చెబితే ఎక్కనివ్వరని.

ఇనుముతో పని చేసిన అనుభవం లేకపోయినా, రాతి పని చేసిన చేతులు కదా, పాడైన ట్యాంకుల్ని బాగుచేసే వర్క్‌షాపులో వేశారు. సుత్తి పట్టడం చూసి నచ్చిందేమో. నేర్చుకున్నాం. ట్యాంకు విప్పడం, బిగించడం, చివరికి నడపడం కూడా ఇద్దరికీ వచ్చింది. ఆ తర్వాత మమ్మల్ని బర్మా పంపారు. బర్మా అంటే అడవులూ వానలూ అని చెప్పారు. మొదట అలాగే ఉండేది. కానీ దేశం నడిమధ్యకు పోయేసరికి ఎర్రనేల, ముళ్లకంపలు, తాటిచెట్లు, ఎండిన వాగులు. వాడు లారీ మీద నుంచి దూకి, పిడికెడు మన్ను తీసుకుని వాసన చూసి నా వైపు తిరిగాడు.

"ఏందిరా ఇది? ఓడెక్కించి తిప్పి తిప్పి మళ్లా మన తర్లుపాట్లోనే దించినారా?"

నేను కూడా నవ్వాను. నేను నవ్వడం అరుదు కాబట్టి వాడు దాన్ని పెద్ద గెలుపుగా చెప్పుకునేవాడు.

అక్కడే ఒక పొద్దున ఒక ట్యాంకు డ్రైవరుకు చలిజ్వరం వచ్చింది. బండి బయలుదేరాలి. నడపడం తెలిసినవాళ్లు ఎవరని అడిగారు. వాడు ముందు చెయ్యెత్తాడు. నేను మగ్గులో టీ పోసి అందించాను. వాడు డ్రైవరు చోటు మీది మూతలోంచి తల బయట పెట్టి, టీ తాగి, మగ్గు నా చేతికిచ్చి పోయాడు. మధ్యాహ్నం ఆ ట్యాంకును లాగి తెమ్మని మా బృందాన్నే పంపారు.

యుద్ధం ముగిసింది. తర్లుపాడు స్టేషనులో నేను ఒక్కణ్ణే రైలు దిగాను.

వాడు చనిపోయినట్టు పటాలం నుంచి కబురు నాకంటే ముందే పల్లెకు చేరింది. పెద్దమ్మ నమ్మలేదు. మా పేటలో మనిషి పోతే కొద్దిరోజులకు ఆదరణ కూడిక పెట్టుకుంటాం. అయ్యగారు వచ్చి ప్రార్థన చేస్తాడు, అందరం కూర్చుని పోయినవాళ్ల గురించి మాట్లాడుకుని అన్నం తింటాం. ఆ కూడిక ఆమె పెట్టనివ్వలేదు. "పీనుగ లేదు, సమాధి లేదు, దేనికి ఏడ్చేది?" అని అయ్యగారినే ఎదురు అడిగింది. సాయంత్రం అన్నం వండితే కొడుకు తినే తట్టలో కూడా ఇంత పెట్టేది. ఆ అన్నం మర్నాడు తను తినేది.

ఆ రోజుల్లో రంగూన్ పోయినవాళ్ల కథలు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. పనికని పోయి, అక్కడే ఒకామెను చేసుకుని, ఏళ్ల తర్వాత నెరిసిన తలతో తిరిగొచ్చినవాళ్లు. పెద్దమ్మ ఆశంతా ఆ కథల మీదే. రోజూ పొద్దుగూకే వేళకు మా గుడిసె ముందుకొచ్చి కూర్చునేది.

"నాయనా, నేనేమీ అననురా. యాడన్నా ఒకదాన్ని చేసుకున్నాడా? చెప్పు. పిల్లోడు పుట్టినాడా? నా కాడ దాస్తున్నావు నువ్వు."

"పెద్దమ్మా, వాడు ట్యాంకులో పోయినాడు. నేను చూసినా."

"ట్యాంకు అంటే ఏందిరా? లారీయా?"

"లారీ కాదు. చుట్టూ ఇనుము. ఇంత మందం."

"రైలింజన్ మాదిరా?"

"రైలింజన్ కంటే గట్టిది. తుపాకీ గుండు తగిలినా లోపలికి దూరదు."

ఆమె మొహం విప్పారింది. "మరి గుండే దూరనిదాంట్లో కూసున్నోనికి ఏమైతాది? నువ్వే చెప్తివి గదా!"

ఎంత చెబితే అంత తప్పుగా చేరుతోంది. ఇనుము ఎంత గట్టిదని చెబితే ఆమె కొడుకు అంత క్షేమం. పోయాడని గట్టిగా అంటే, ఎక్కడ పోయాడు, ఎట్ల కూర్చున్నాడు, ఎందుకు దూకలేదు అని అడిగేది. నేను నేల మీద పుల్లతో గీసి చూపించాను. చూసి, తాబేలు గీసినావా అంది. ఒకరోజు నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆమె మీద కాదు. నా మాటల మీద. "చేసి చూపిస్తా, అప్పుడన్నా నమ్ము" అని అరిచి లేచిపోయాను.

అరిచినందుకైనా చేయాలి కదా. అలా మొదలైంది ఆ ట్యాంకు.

మొదట బంకమట్టితో చేశాను. ఎండేసరికి నడుం దగ్గర చీలింది. చెక్కతో చేద్దామంటే నాకు చెక్క పని రాదు. చివరికి బుద్ధి తెచ్చుకుని నాకు వచ్చిన పనికే తిరిగాను. ట్యాంకు అంటే ఏమిటి, బల్లపరుపు రేకుల్ని ఒకదానికొకటి చేర్చడమే. పలక కూడా బల్లపరుపే. గని మళ్లీ నడుస్తోంది, నేను మళ్లీ పనిలో చేరాను. పక్కలు విరిగి పలకకు పనికిరాని పొరల్ని మేస్త్రీ కుప్పగా పోయించేవాడు. ఆ కుప్పలో వెతుక్కోమని ఆయనే అన్నాడు. నీళ్లు పోసి గరుకు రాయి మీద అంచులు అరగదీస్తే, నేను కళ్లు మూసుకుని తడిమినా ట్యాంకు పక్కరేకు అని చెప్పగలిగేంత పోలిక వచ్చింది. అతకడానికి కంసాలి ఆయన లక్క ఇచ్చాడు. లక్క కాచి అంటించడం చేతకాక వేళ్లు కాల్చుకుంటే, పక్కన కూర్చుని నేర్పించాడు కూడా. ఆయన మా పేట గడప తొక్కని మనిషి. ఆ రోజు తన కొలిమి పక్కన నన్ను కూర్చోబెట్టుకున్నాడు.

పైన తిరిగే గుమ్మటం గుండ్రంగా ఉంటుంది. పలకతో గుండ్రం రాదు. మా ఇంటావిడ వెలగకాయ పచ్చడి చేసి, చిప్ప పారేయబోతుంటే చటుక్కున లాక్కున్నాను. సగం చిప్ప బోర్లిస్తే అచ్చం గుమ్మటం. "పచ్చడి ఎట్లుందో చెప్పకుండా చిప్పను పట్టుకొని ముద్దాడుతున్నాడు" అని ఆవిడ వీధంతా చెప్పుకొచ్చింది. పచ్చడి బాగుంది. ఈ మాట కూడా ఇప్పుడే చెబుతున్నాను.

ఫిరంగి గొట్టం, మూతలూ రేకు పని. మార్కాపురంలో డబ్బాలూ దీపపు బుడ్లూ చేసే సాయిబు ఉండేవాడు. ఆయన దుకాణంలో నేను పోయి కూర్చుని, డ్రైవరు మూత ఎలా తెరుచుకుంటుందో వివరించాను. ఆయన మొత్తం విని, పనికిరాని రేకు ముక్కతో చిటికెన వేలి గోరంత మూత చేసి, సన్నటి తీగతో కీలు పెట్టాడు. తెరిచి మూసి, తెరిచి మూసి చూశాడు.

"ఇది ఎవరి పిల్లల ఆటకు అన్నా?" అని అడిగాడు.

"ఆటకు కాదు భాయ్. ఒక తల్లికి, కొడుకు కూసున్న చోటు చూపీడానికి."

సాయిబు ఆ మూతను మళ్లీ నా చేతిలోంచి తీసుకున్నాడు. అంచులు వేలికి కోసుకుంటాయేమోనని అరగంట సేపు ఆకురాయితో నున్నగా చేసి ఇచ్చాడు.

ఇక గొలుసు పట్టాలు. ట్యాంకు చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టాలవి. చక్రాలకు దారపు రీళ్లు కోశాను. పట్టాలకు ఏం వాడాలో తోచలేదు. మా నాయన మాట తక్కువ మనిషి. వయసులో చెప్పులూ, బావుల్లో నీళ్లు తోడే కపిల తోలు సంచులూ కుట్టేవాడు. నేను తిట్టుకుంటూ రేకును వంచుతుంటే కాసేపు చూసి లోపలికి పోయాడు. పాత కపిల తోలులో ఒక పీలిక కోసి, అడ్డంగా గాట్లు పెట్టి, నీళ్లలో నానబెట్టి, రీళ్ల చుట్టూ బిగించాడు. ఎండిన తర్వాత అది పట్టు వదల్లేదు. మరుసటి రోజు నేను గని నుంచి వచ్చేసరికి, నేను అడగనిది ఒకటి కూడా చేసి పెట్టాడు. గుమ్మటం పైకెత్తితే లోపల కనిపించేలా అయిదు కూర్చునే చోట్లు పలకతో పెట్టానా, అందులో ముందు ఎడమచేతి వైపు, డ్రైవరు చోటికి చింతగింజంత తోలు మెత్త కుట్టి అతికించాడు. మిగిలిన నాలుగింటికి పెట్టలేదు.

"ఏంది నాయనా ఇది?" అన్నాను.

"ఉండనీలే" అన్నాడు.

రంగు దగ్గర నా తిక్క అంతా బయటపడింది. ట్యాంకు రంగు పచ్చగానూ ఉండదు, మట్టిగానూ ఉండదు. చిక్కుడాకు నూరి పూశాను. ఆ పూట బాగుంది, రెండో నాటికి గడ్డివామి రంగుకు దిగింది. నీలిమందు కలిపాను, చాకలి మూట మాదిరి అయింది. తుమ్మబంక నీళ్లలో పసుపు వేసి, అందులో దీపం మసి కొంచెం కొంచెంగా కలపమని చెప్పింది మా ఇంటావిడే. పసుపూ నలుపూ కలిస్తే పచ్చ వస్తుందా అని నేను ఎగతాళి చేశాను. వచ్చింది. అదే రంగు. ఆ రంగు చూడగానే నాకు డీజిలు వాసన ముక్కుకు తగిలింది, కొంతసేపు వాకిట్లోకి పోయి నిలబడ్డాను.

చివరిగా పక్కన తెల్లటి అంకె వేయాలి. పేట గోడలకు కొట్టే సున్నంలో పుల్ల ముంచి దర్జాగా గీశాను. చూస్తుండగానే అంకె నెత్తురు రంగుకు తిరిగింది. నేను బిత్తరపోయాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"పసుపు మింద సున్నం పెడితే ఏమైతాదో గూడా తెలీదా నీకు? పెండ్లిలో ఎర్రనీళ్లు యాడ నుంచి వస్తాయనుకున్నావు?"

అంకె చెరిపి, మళ్లీ పచ్చ పూసి, బలపం పొడిని బంకలో కలిపి రాశాను. అది తెల్లగానే నిలిచింది.

మనుషుల్ని కూడా బలపపు రాయితోనే చెక్కి, బట్టలకు అదే పచ్చ పూశాను. మెత్తటి రాయి, కత్తికి లొంగుతుంది. ఇద్దరే మనుషులు. ఒకడు డ్రైవరు మూతలోంచి భుజాల దాకా పైకి కనిపిస్తాడు. రెండోవాడు పక్కన నేల మీద నిలబడి మగ్గు అందిస్తుంటాడు. నా స్నేహితుడి నవ్వు చెక్కడం నా వల్ల కాలేదు, మూతి దగ్గర చిన్న గాటు పెట్టి వదిలేశాను. నన్ను నేను చెక్కుకోవడం సులువే. ముఖం చిట్లించుకుని ఉంటే చాలు.

నేల కోసం చేటంత బండ తీసుకున్నాను. పెద్దమ్మ వాకిట్లోని ఎర్రమన్నే తెచ్చి బంకతో పరిచాను. తాటాకు చీల్చి చిన్న తాటిచెట్లు కట్టాను. ముళ్లకంప కొసలు తుంచి పొదలు గుచ్చాను. ఆ పనంతా వాకిట్లో కూర్చునే చేశాను కాబట్టి పేట మొత్తం సలహాలు చెప్పింది. తాటిచెట్లకు కల్లు ముంతలేవని ఒకాయన. ట్యాంకుకు కొమ్ములు పెడితే బాగుంటుందని ఇంకొకాయన. ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్లే తాటాకులు తెచ్చిచ్చినవాళ్లు.

పని ముగిసిన సాయంత్రం పెద్దమ్మ వచ్చేసరికి బండను మధ్యలో పెట్టాను. ఆమె చతికిలబడి కూర్చుని ముందు నేలను చూసింది.

"ఇది మన మన్ను గదా."

"అక్కడ గూడా ఇట్లనే ఉంటాది పెద్దమ్మా. తాటిచెట్లు, కంపలు. మళ్లా తర్లుపాట్లోనే దించినారా అని వాడు నవ్వినాడు."

ఆ మాట ఆమెకు నేను అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పెదాలు కదిలాయి. అది వాడి మాటే అని ఆమెకు తెలిసిపోయింది, ఇంకెవరూ అలా అనరు. తర్వాత మూతలోంచి కనిపించే మనిషిని వేలితో తాకింది.

"వీడేనా?"

"వాడే."

"ఈ పక్క టీ ఇచ్చేది నువ్వా?"

"నేనే."

డ్రైవరు బొమ్మను నెమ్మదిగా పైకి లాగి అరచేతిలో పెట్టుకుంది. గుమ్మటం ఎత్తి చూపించాను. లోపలికి వేలు పోనిచ్చి, నేను చెప్పకుండానే ఆ తోలు మెత్త దగ్గర ఆపింది.

"ఈడ కూసున్నాడా?"

"ఈడనే."

"తల బైట పెట్టుకొనే పోయినాడా?"

"పోయేటప్పుడు బైటే. తుపాకులు మొదలైతే లోపలికి వంగి మూత ఏసుకోవాల."

"ఏసుకున్నాడా?"

"ఏసుకున్నాడు."

ఆమె సాయిబు చేసిన మూతను వేసింది. తీసింది. మళ్లీ వేసింది.

"తర్వాత ఈ మూత తీసింది ఎవరు?"

"నేనే పెద్దమ్మా."

"లోపల ఉన్నాడా?"

తల అడ్డంగా ఊపాను. నేల కింద పెట్టిన మందుపాతర మీదికి బండి ఎక్కింది, ఇనుము ఎంత మందమైతే లోపలి మంట అంత ఎక్కువసేపు ఉంటుంది. ఆ సంగతి నేను మాటల్లో ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు, మా ఇంటావిడకు కూడా. ఆ జానెడు ట్యాంకు ముందు చెప్పకుండానే చెప్పాను. పెద్దమ్మ నా మొహం చూసింది, మూత చూసింది. ఏడవలేదు. లేచి, చుట్ట కుదురు పెట్టుకుని, బండను నెత్తికెత్తుకుంది. నేను మోస్తానంటే వద్దంది. ఆ రోజు నుంచి మా గుడిసె ముందుకు రావడం మానేసింది. వాడి తట్టలో అన్నం పెట్టడం కూడా మానిందని మా ఇంటావిడ చూసి వచ్చి చెప్పింది.

నమ్మిందనుకున్నాను, కానీ కూడిక మాట ఎత్తలేదు. నాకు దిగులు పట్టుకుంది. ఉన్న ఒక్క ఆశనూ తీసేసి, దాని చోట ఏమీ పెట్టకుండా వచ్చినట్టు అనిపించింది.

పునరుత్థాన పండుగ, అదే ఈస్టరు, వచ్చింది. ఆ పండుగ తెల్లవారుజామున మేమందరం సమాధుల తోటకు పోయి పాటలు పాడతాం. ముందురోజు ఎవరి సమాధి వాళ్లు శుభ్రం చేసుకుని సున్నం కొడతారు. ఆ శనివారం పగలు నేనూ మా ఇంటావిడా మా అవ్వ సమాధికి సున్నం కొట్టడానికి కుండా, ఈతమట్ట కుంచే పట్టుకుని పోయాం. తోటంతా సున్నం వాసన. అందరూ ఒకచోట గుమిగూడి ఉన్నారు. దగ్గరికి పోయి చూశాను.

పెద్దమ్మ తన మొగుడి సమాధి పక్కన నేల తవ్వి, నా బండను అందులో అమర్చింది. డ్రైవరు బొమ్మను లోపల ఆ తోలు మెత్త మీద పెట్టి, గుమ్మటం పెట్టి, మూత వేసింది. ఇప్పుడు కుంచె సున్నంలో ముంచి ట్యాంకుకు కొడుతోంది. గుమ్మటానికి, ఫిరంగికి, మా నాయన తోలు పట్టాలకు, తాటిచెట్లకు, మొత్తానికి.

ఎన్ని ఆకులు నూరాను, ఎన్ని మసులు కలిపాను ఆ రంగు కోసం! నోటి దాకా ఒక మాట వచ్చింది. మా ఇంటావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో సున్నం తాకిన చోటల్లా పసుపు విరిగి ఎర్రబడసాగింది. ట్యాంకు మొత్తం నెత్తురు కారినట్టు అయింది. చుట్టూ ఉన్నవాళ్లు ప్రభువా అని వెనక్కి జరిగారు. ఎవరో ఆమె చేతిలోని కుంచె తీసుకోబోయారు.

"రానీ" అంది పెద్దమ్మ. "లోపల ఉండేదంతా రానీ."

కూర్చుని ఆరేదాకా చూసింది. మళ్లీ ఒక పూత వేసింది. ఎరుపు పలచబడింది. ఆరింది. మళ్లీ వేసింది. మేం ఎవరం మా సమాధుల దగ్గరికి పోలేదు. ఎండ వాలేసరికి ట్యాంకు తెల్లగా అయింది, పక్కన మొగుడి సమాధి ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా. ఆమె కుంచె కుండలో పెట్టి, అయ్యగారి వైపు తిరిగి, "పండుగ అయినంక నా కొడుకు కూడిక పెట్టండయ్యా" అంది. అప్పుడు ఏడ్చింది. ఆడవాళ్లందరూ వెళ్లి చుట్టూ కూర్చున్నారు.

నేను దూరంగా నిలబడ్డాను. ఏడుపు తగ్గాక ఆమె నన్ను చేత్తో పిలిచింది. కొంగు ముడి విప్పి, ఒక చిన్న రాతి ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది. మగ్గు పట్టుకుని నిలబడ్డ మనిషి. బంక నుంచి ఊడబెరికేటప్పుడు పాదం కొంచెం విరిగింది. రంగంతా కడిగేసింది, తెల్లటి బలపపు రాయి బయటపడింది.

"వానికి సున్నం కొట్టబోయేటప్పుడు నీకాడికొచ్చి చెయ్యి ఆగిపోయిందిరా. వాని పక్కన నిన్ను గూడా పెట్టుకుంటివేందిరా పిచ్చోడా? నువ్వు యాడ సచ్చినావు? నువ్వు రైలు దిగి వచ్చినోడివి." నా వేళ్లను తనే ముడిచింది. "ఇంటికి పో నాయనా."

నేను పటాలం నుంచి తిరిగొచ్చి అప్పటికి ఏడాది దాటింది. మా అమ్మ, మా నాయన, మా ఇంటావిడ, పేటలో అందరూ వచ్చినావా అని అడిగినవాళ్లే. ఇంటికి పొమ్మని చెప్పింది ఆమె ఒక్కతే. సున్నం కుండ అక్కడే మరిచిపోయి, మా ఇంటావిడ చెయ్యి పట్టుకుని, అందరూ చూస్తుండగా ఏడ్చుకుంటూ ఇంటికి నడిచాను.

పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ప్రతి ఏడూ సున్నం నేనే కలిపి ఇచ్చేవాణ్ణి, కొట్టేది మాత్రం ఆమే. ఆమె పోయినాక రెండు సమాధులకూ, ఆ ట్యాంకుకూ నేనే కొడుతున్నాను. పూత మీద పూత పడి ఇప్పుడది ట్యాంకని ఎవరికీ తెలియదు, పక్కన ఒక చిన్న తెల్లటి దిమ్మె అనుకుంటారు. ఆ రాతి మనిషి నా దగ్గరే ఉన్నాడు. బలపపు రాయి కదా, పలక మీద గీస్తే రాస్తుంది. నేను మాత్రం ఇంతవరకు అరగనివ్వలేదు.